పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కడం మానేద్దాం: ఇంట్లో రెండు కంప్యూటర్లకు ఒకే ఫోల్డర్

కిందటి మాఘమాసంలో మేం ఒకే పెళ్లికి శుభలేఖలు రెండుసార్లు అచ్చేశాం. మూడు వందల కార్డులు. మొదటి విడతలో ముహూర్తం రాత్రి 9.24 అని పడింది, ఉండాల్సింది 9.42. ఆ సవరణ నేను మేడ మీద లాప్‌టాప్‌లో చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి కిందికి పంపాను కూడా. కానీ కింద డెస్క్‌టాప్‌లో అదే కార్డు "ఫైనల్" అని ఒకటి, "ఫైనల్ కొత్తది" అని ఒకటి, "ఇదే ఫైనల్" అని ఇంకొకటి అప్పటికే ఉన్నాయి. మా తమ్ముడు ఏది తెరిచి ప్రింటు కొట్టాడో వేరే చెప్పాలా.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. ఇంట్లోనే చిన్న డీటీపీ పని, అంటే కంప్యూటర్లో కార్డులూ కాగితాలూ కూర్చి అచ్చేసే పని, చేసుకుంటాం. ఇక్కడ చాలా కార్డులకు రెండు లిపులూ పడాలి. మగపెళ్లివారు టెక్కలి వాళ్లయితే ఆడపెళ్లివారు గుణుపూర్ వాళ్లవుతారు. తాతగారికి తెలుగే చదవడం వచ్చు, మనవడికి బళ్లో ఒడియానే నేర్పారు. తెలుగు నేను కొడతాను. ఒడియా మా మరదలు కొడుతుంది, తన పుట్టిల్లు బరంపురం. ప్రింటరు కింద గదిలో ఉంది. కాబట్టి ఒక్కో కార్డూ రోజుకు నాలుగుసార్లు మెట్లు ఎక్కి దిగేది.

ఆ పెళ్లి అయ్యాక ఒక సాయంత్రం కూర్చుని కింద కంప్యూటర్లో ఒక ఫోల్డర్ పెట్టి, అది పైన లాప్‌టాప్‌లోనూ కనబడేలా చేశాను. అసలు పని ఇరవై నిమిషాలది. మిగతా మూడు గంటలూ "యాక్సెస్ డినైడ్" అనే మాట చూస్తూ గడిపాను. ఆ మూడు గంటలూ మీకు మిగలాలని ఇది రాస్తున్నాను. రెండిట్లోనూ విండోస్ 10 గానీ 11 గానీ ఉన్నాయనుకుని చెబుతున్నాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, అయినా ఈ పనికి అది పనికొస్తుంది.

ఎవరింట్లో పెట్టాలి ఫోల్డర్?

ముందు ఇది తేల్చుకోండి. రెండు కంప్యూటర్లలోనూ ఫోల్డర్లు షేర్ చేసి అటూ ఇటూ చూసుకోవచ్చు గానీ, అలా చేస్తే నెల తిరిగేసరికి మళ్లీ "ఏది ఫైనల్" గొడవే. ఒక్క కంప్యూటరే యజమాని. రోజంతా ఆన్‌లో ఉండేది, చోటు ఎక్కువున్నది, కదలనిది అయితే మంచిది. మా ఇంట్లో కింద డెస్క్‌టాప్. ఇకపై "డెస్క్‌టాప్" అంటే ఫోల్డర్ ఉన్నది, "లాప్‌టాప్" అంటే దాన్ని తెరిచి చూసేది.

డెస్క్‌టాప్ నిద్రపోతే లాప్‌టాప్‌కి ఫోల్డర్ కనబడదు. అందుకని సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్‌లోకి వెళ్లి స్లీప్ దగ్గర "నెవర్" పెట్టండి. స్క్రీన్ ఆరిపోతే ఫరవాలేదు, మిషను మేలుకుని ఉండాలి.

రెండూ ఒకే రౌటర్ కింద ఉన్నాయా?

డెస్క్‌టాప్ కేబుల్‌తో, లాప్‌టాప్ వైఫైతో ఉన్నా సరే, రౌటర్ ఒకటైతే చాలు. వైఫైలో 2.4, 5 అని రెండు పేర్లు కనబడినా మామూలుగా రెండూ ఒకే నెట్‌వర్కే. కానీ చుట్టాలొస్తే ఇవ్వడానికని గెస్ట్ వైఫై పెట్టుకుని, లాప్‌టాప్ దానికే తగిలించి ఉంటే పని జరగదు. గెస్ట్ వైఫై అనేదే లోపలి కంప్యూటర్లు కనబడకుండా చేసే ఏర్పాటు.

డెస్క్‌టాప్‌లో స్టార్ట్ నొక్కి సీ-ఎం-డీ అని టైపు చేసి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో ఐపీకాన్ఫిగ్ అని, ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. "ఐపీవీ4 అడ్రస్" ఎదురుగా 192.168.1.10 లాంటి అంకెలు వస్తాయి. కాగితం మీద రాసుకోండి. లాప్‌టాప్‌లోనూ అదే చేయండి. చాలా ఇళ్లలో మొదటి మూడు అంకెలూ రెండిట్లో ఒకటే ఉంటాయి, చివరిది మారుతుంది. ఒకదాంట్లో 192.168.1, ఇంకోదాంట్లో 192.168.0 వచ్చాయంటే ఇంట్లో ఒక రౌటర్ వెనక ఇంకో రౌటర్ ఉన్నట్టే. మేడ మీద సిగ్నల్ రాలేదని రెండోది కొని తగిలించిన ఇళ్లలో ఇది మామూలు. ఆ రెండోదాన్ని దాని సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి. 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కి రౌటర్ అంకెలే ఇవ్వలేదు, ముందు కేబులో వైఫైయో చూసుకోండి.

ఒక మాట. ఇంట్లో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి వెళ్లే ఫైలు బయటికి పోదు. నెట్ ప్యాక్ అయిపోయినా, ఫైబర్ తెగినా రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు. మా నాన్నగారికి ఈ సంగతి ఇప్పటికీ నమ్మకం లేదు. పెద్ద ఫైలు కాపీ అవుతుంటే "డేటా అయిపోతుందిరా" అంటారు.

"ప్రైవేట్" అని చెప్పండి

విండోస్ ప్రతి నెట్‌వర్క్‌నీ ముందు అనుమానంగానే చూస్తుంది. రైల్వే స్టేషన్ వైఫై అయినా మీ ఇంటిదైనా దానికి ఒకటే, "పబ్లిక్" అనుకుని తలుపులు మూసేస్తుంది. రెండు కంప్యూటర్లలోనూ సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మీరు వాడుతున్న వైఫై లేదా ఈథర్నెట్ ప్రాపర్టీస్ తెరిచి "ప్రైవేట్" ఎంచుకోండి.

తర్వాత విండోస్ 11లో అదే నెట్‌వర్క్ పేజీలో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్. విండోస్ 10లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, ఎడమ పక్క చేంజ్ అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్. ప్రైవేట్ అన్న భాగంలో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి.

కిందికి వెళ్తే "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్" అని కనబడుతుంది. చాలా వీడియోల్లో దీన్ని ఆఫ్ చేయమంటారు. చేయకండి. ఆఫ్ చేస్తే మీ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాళ్లకీ ఫోల్డర్ తెరుచుకునే వీలుంటుంది. వైఫై పాస్‌వర్డ్ వీధిలో ఎంతమందికి తెలుసో మీకే తెలుసు. పైగా విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేకుండా గెస్టుగా వెళ్లే దారి మామూలుగా మూసే ఉంటుంది. అంటే ఆఫ్ చేసినా ఫలితం ఉండకపోవచ్చు.

షేరింగ్ కోసం ఒక యూజర్

నా మూడు గంటల్లో రెండు గంటలు పోయింది ఇక్కడే. లాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్ తెరవబోతే యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగింది. నేను రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొట్టాను. కాదంది. మళ్లీ కొట్టాను. మళ్లీ కాదంది. పిన్ అనేది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికే, నెట్‌వర్క్ మీద చెల్లదు. అక్కడ అసలు పాస్‌వర్డే కావాలి. సరే, తమ్ముడి అకౌంట్‌తో వెళ్దామంటే వాడికి పాస్‌వర్డే లేదు. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్‌ని విండోస్ బయటినుంచి రానివ్వదు, అది ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు.

అందుకని డెస్క్‌టాప్‌లో ఈ పనికోసమే ఒక లోకల్ యూజర్ చేయండి. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ అడుగుతుంది. ఇవ్వకుండా కింద ఉన్న "ఐ డోంట్ హ్యావ్ దిస్ పర్సన్స్ సైన్-ఇన్ ఇన్ఫర్మేషన్" నొక్కి, తర్వాతి పేజీలో "యాడ్ ఎ యూజర్ వితౌట్ ఎ మైక్రోసాఫ్ట్ అకౌంట్" నొక్కండి. పేరు ఇంగ్లీషులో, ఖాళీలు లేకుండా, చిన్నగా పెట్టండి. మేం "కార్డు" అని పెట్టుకున్నాం. పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టండి, వైఫైది మాత్రం వద్దు. ఈ యూజర్‌తో ఎవరూ లాగిన్ అవ్వరు, ఇది తాళంచెవి మాత్రమే.

ఫోల్డర్ షేర్ చేయడం

డెస్క్‌టాప్‌లో డి డ్రైవ్ తెరిచి, నేరుగా దానిలోనే కొత్త ఫోల్డర్ చేయండి. డాక్యుమెంట్స్‌లోనూ స్క్రీన్ మీదా ఉన్న ఫోల్డర్ షేర్ చేయకండి. అవి మీ సొంత యూజర్ ఫోల్డర్ లోపల ఉంటాయి, దారి పొడుగై చిక్కుపడుతుంది. ఫోల్డర్ పేరు కూడా ఇంగ్లీషులోనే పెట్టండి, టైపు చేయడానికి సులువు. లోపలి ఫైళ్లకు తెలుగులోనూ ఒడియాలోనూ ఎన్ని పేర్లు పెట్టుకున్నా చక్కగా కనబడతాయి.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో షేరింగ్ ట్యాబ్. అక్కడ రెండు బటన్లు ఉంటాయి: "షేర్", "అడ్వాన్స్‌డ్ షేరింగ్". మీరు మొదటిదే నొక్కండి. పైన పెట్టెలో ఇందాక చేసిన యూజర్‌ని ఎంచుకుని యాడ్ నొక్కితే కింద జాబితాలో చేరుతుంది. ఆ పేరు పక్కన "రీడ్" అని ఉంటుంది, దాన్ని "రీడ్/రైట్"గా మార్చి షేర్ నొక్కండి. అయిపోయింది.

మరి రెండో బటన్ ఎందుకు వద్దన్నాను? షేర్ అయిన ఫోల్డర్‌కి రెండు అనుమతులుంటాయి, ఒకటి షేర్‌ది, ఇంకోటి సెక్యూరిటీ ట్యాబ్‌లోది. మా దగ్గర లారీవాళ్లకి చెప్పక్కర్లేదు: ఆంధ్ర గేటు వాడు వదిలినా ఒడిశా గేటు వాడు ఆపితే బండి ఆగినట్టే. ఇక్కడా అంతే, రెండిట్లో కఠినంగా ఉన్నదాని మాటే చెల్లుతుంది. "షేర్" బటన్ రెండు గేట్లూ మీకోసం తెరుస్తుంది. "అడ్వాన్స్‌డ్ షేరింగ్" మొదటిదే చూసుకుంటుంది, అదీ మామూలుగా "ఎవ్రీవన్, రీడ్" అని మాత్రమే పెడుతుంది. ఫైలు తెరుచుకుంటుంది గానీ సేవ్ అవ్వడం లేదు అని ఎవరైనా అంటే నూటికి తొంభై పాళ్లు ఈ చిక్కే.

లాప్‌టాప్ నుంచి తెరవడం

లాప్‌టాప్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, పైన అడ్రస్ పట్టీలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఆ తర్వాత డెస్క్‌టాప్ అంకెలు ఇలా కొట్టండి:

\\192.168.1.10

బ్యాక్‌స్లాష్ అంటే చాలా కీబోర్డుల్లో ఎంటర్ పైన ఉండే గీత. కింద ప్రశ్నార్థకంతో ఉండేది వేరు. పాస్‌వర్డ్ పెట్టె వస్తుంది. యూజర్ పేరు దగ్గర డెస్క్‌టాప్ కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత మీరు చేసిన యూజర్ పేరు కొట్టండి. కంప్యూటర్ పేరు సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో పైనే ఉంటుంది. "రిమెంబర్ మై క్రెడెన్షియల్స్" టిక్ పెట్టండి. ఫోల్డర్ కనబడాలి.

కనబడగానే ఆనందపడి వదిలేయకండి. అందులో రైట్ క్లిక్ చేసి ఒక ఖాళీ టెక్స్ట్ ఫైలు సృష్టించి, దాని పేరు మార్చి, చెరిపి చూడండి. మూడూ జరిగితేనే అనుమతి సరిగ్గా వచ్చినట్టు.

ఇప్పుడు దాన్ని రోజూ వాడే డ్రైవ్‌లా చేసుకోవాలి. "దిస్ పీసీ" తెరిచి పైన మూడు చుక్కల్లో (విండోస్ 10లో పైన కంప్యూటర్ ట్యాబ్‌లో) "మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్" నొక్కి, అక్షరం జెడ్ ఎంచుకుని, ఫోల్డర్ దారి (రెండు బ్యాక్‌స్లాష్‌లు, డెస్క్‌టాప్ అంకెలు, ఒక బ్యాక్‌స్లాష్, ఫోల్డర్ పేరు) ఇచ్చి, "రీకనెక్ట్ ఎట్ సైన్-ఇన్" టిక్ చేయండి. దారిలో అంకెల బదులు కంప్యూటర్ పేరు ఇవ్వడం మంచిది. రౌటర్ ఇచ్చే అంకెలు ఎప్పుడో ఒకప్పుడు మారతాయి, ముఖ్యంగా కరెంటు పోయి వచ్చినప్పుడు. పేరుతో దొరక్కపోతే రౌటర్ సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ ఉంటుంది, డెస్క్‌టాప్‌కి ఎప్పుడూ ఒకే అంకె ఇవ్వమని అక్కడ చెప్పవచ్చు.

ఇంకా రాలేదా?

ఒకసారి తప్పు పాస్‌వర్డ్ కొట్టి "గుర్తుంచుకో" టిక్ పెట్టి ఉంటే విండోస్ ఆ తప్పునే మళ్లీ మళ్లీ పంపుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్‌లో డెస్క్‌టాప్ పేరుతో గానీ దాని అంకెలతో గానీ ఉన్నది తీసేసి లాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి. విండోస్‌తో వచ్చేది కాకుండా వేరే యాంటీవైరస్ కొని వేసుంటే దాని ఫైర్‌వాల్‌లో కూడా మీ ఇంటి నెట్‌వర్క్‌ని నమ్మమని చెప్పాలి.

పాత సలహాల్లో "హోమ్‌గ్రూప్" అని ఉంటుంది, అది 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తోనే పోయింది, వెతక్కండి. ఇంకో సలహా మాత్రం ప్రమాదమైంది: "ఎస్ఎంబీ 1 ఆన్ చేయండి" అని. ఎస్ఎంబీ అంటే విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి, 1 అనేది దాని పాత రకం. విండోస్ ఎక్స్‌పీకి అదొక్కటే వచ్చు, పేజ్‌మేకర్ అనే పాత పేజీలు కూర్చే ప్రోగ్రాము కోసం ఎక్స్‌పీ మిషను అట్టే పెట్టుకున్న ప్రింటింగ్ వాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ సలహా తిరుగుతూనే ఉంది. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ఊళ్లకు ఊళ్లు పాకింది ఆ ఎస్ఎంబీ 1లోని లోపంలోంచే. అప్పటికి రెండు నెలల ముందే మైక్రోసాఫ్ట్ మరమ్మతు ఇచ్చింది, వేసుకోనివాళ్లు వేసుకోలేదు. ఎక్స్‌పీ మిషను ఉంటే దాన్ని అలాగే విడిగా ఉంచి, దానికి మాత్రం పెన్‌డ్రైవే వాడండి. విండోస్ 7కి ఈ ఇబ్బంది లేదు, దానికి ఎస్ఎంబీ 2 వచ్చు.

నెమ్మదిగా ఉందనిపిస్తే లెక్క చూసుకోండి. కేబుల్ కనెక్షన్ వేగం 100 అని ఉంటే అవి సెకనుకు మెగాబిట్లు, 8తో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు, చేతికొచ్చేది 11 దాకా. రెండు జీబీ ఫ్లెక్సీ ఫైలుకు మూడు నిమిషాలు. రౌటర్, రెండు కంప్యూటర్లు, కేబుల్ అన్నీ గిగాబిట్‌వైతే అదే ఫైలు అర నిమిషం లోపే వస్తుంది. కేబుల్ కొనేటప్పుడు క్యాట్ 5ఈ రకం గానీ ఆపైది గానీ అడగండి.

ఫైలు వచ్చింది, అక్షరాలు రాలేదు

మొదటి రోజు అన్నీ కుదిరాక కింద నుంచి మా మరదలు కేకేసింది: "బావగారూ, మీ తెలుగంతా బ్రాకెట్లూ డాలర్లూ అయిపోయింది!" షేరింగ్ తప్పు కాదు. నేను కొట్టేది అను ఫాంట్లలో. తను ఒడియా కొట్టేది ఆకృతి ఫాంట్లలో. ఇవి యూనికోడ్ (ప్రతి భాషలో ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే మన అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఆ స్థానాల్లో అసలుండే గుర్తులే బయటపడతాయి. ఏ ఫాంట్లలో పని చేస్తారో అవి, లైసెన్సు ఉన్నంతవరకు, రెండు కంప్యూటర్లలోనూ వేసి ఉండాలి. యూనికోడ్‌లో కొడితే ఈ బాధ లేదు, విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఒక్క ఫాంటులోనే తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. కానీ శుభలేఖకి ఆ అక్షరం అందం రాదు అంటారు కస్టమర్లు, నిజమే.

యూనికోడ్ పేర్లతో ఇంకో చిన్న తిరకాసు ఉంది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఫైలు దారి మొత్తం 260 అక్షరాలు దాటితే మొరాయిస్తాయి. మనకు "శ్రీ" ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, దీర్ఘ గుడి, మొత్తం నాలుగు. "చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి" అని ఫోల్డర్ మీద ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఒకరోజు కాపీ అవ్వనంటుంది. ఇంటిపేరు, తేదీ చాలు.

చెరిపితే పోయినట్టే

వినాయక చవితి చందా రసీదుల ఫైలు ఒకటి జెడ్ డ్రైవ్‌లోంచి నేనే చెరిపాను, పాతదనుకుని. కాదని తెలిసి లాప్‌టాప్ రీసైకిల్ బిన్ చూశాను, లేదు. కిందికెళ్లి డెస్క్‌టాప్ బిన్ చూశాను, అక్కడా లేదు. నెట్‌వర్క్ మీదుగా చెరిపింది ఏ బిన్‌లోకీ వెళ్లదు, నేరుగా పోతుంది. "పర్మనెంట్లీ డిలీట్" అని అది అడిగింది కూడా, నేనే చదవకుండా ఎస్ కొట్టాను. రసీదులు మళ్లీ మొదటినుంచి కట్టుకున్నాను. అప్పటినుంచి షేర్ ఫోల్డర్‌లో "పాతవి" అని ఒకటి పెట్టాం. ఎవరూ ఏదీ చెరపకూడదు, అందులోకి జరపాలి. నెలకోసారి తమ్ముడు డెస్క్‌టాప్ ముందు కూర్చుని దాన్ని ఖాళీ చేస్తాడు.

పెద్ద ఫైళ్లు "కట్" చేసి పేస్ట్ చేయకండి. కాపీ చేసి, అటువైపు తెరిచి చూసుకున్నాక ఇటువైపుది తీసేయండి. గాలివాన నెలల్లో మధ్యలో కరెంటు పోవడం మాకు మామూలే. రౌటర్‌కి కూడా ఇన్వర్టర్ లైను ఇచ్చాక కొంత నయం.

ఒకే ఫైలు ఇద్దరూ ఒకేసారి తెరవకండి. వర్డ్, ఎక్సెల్ అయితే "ఇది వేరేవాళ్లు వాడుతున్నారు" అని చెబుతాయి. అన్ని ప్రోగ్రాములకీ ఆ మర్యాద లేదు, చివర సేవ్ చేసినవారిదే నిలుస్తుంది. మేం డిజైను ఫైలుని లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని పని చేసి, అయ్యాక అదే పేరుతో వెనక్కి పెడతాం. తీసుకునే ముందు మెట్ల దగ్గర నిలబడి "పాత్రో గారి కార్డు తీస్తున్నా" అని ఒక కేక. దీనికింకా ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ దొరకలేదు.

ఇక డెస్క్‌టాప్ డిస్క్ పోతే రెండు కంప్యూటర్లకూ కలిపి ఫోల్డర్ పోతుంది కాబట్టి ఒక బయటి హార్డ్ డిస్క్ కొని, ప్రతి శనివారం రాత్రి షేర్ ఫోల్డర్ మొత్తం దానిలోకి కాపీ చేసి, తీగ పీకి బీరువాలో పెడుతున్నాం. తగిలించే ఉంచితే వైరస్ వచ్చినరోజు అదీ పోతుంది.